హైబ్రిడ్ కార్ల ట్రాన్స్‌మిషన్: మన్నికపై తెగని వాదం

ఇంజనూ విద్యుత్ మోటారూ కలిసి చక్రాలను తిప్పే కారును హైబ్రిడ్ అంటారు. 1997 డిసెంబరులో టయోటా ప్రియస్ జపాన్‌లో అమ్మకానికి వచ్చిన నాటి నుంచి ఈ తరగతి బళ్ళ మన్నికపై రెండు సందేహాలు నడుస్తున్నాయి. బ్యాటరీ ఎన్నేళ్ళు పనిచేస్తుందన్నది మొదటిది. అది పోయినా విడిగా మార్చుకోవచ్చని, అందుకు ఫలానా ఖర్చవుతుందని లెక్క వేసుకునే దశకు ఆ చర్చ చేరింది. ఇంజను శక్తినీ మోటారు శక్తినీ కలిపి చక్రాలకు అందించే ట్రాన్స్‌మిషన్ సంగతేమిటన్న రెండో సందేహం మాత్రం ఇంకా చిక్కుముడిగానే ఉంది. అమెరికా నగరాల్లో మూడు లక్షల మైళ్ళు తిరిగిన హైబ్రిడ్ టాక్సీలను చూపి ఈ గేర్‌బాక్సుకు చావు లేదనేవారు ఒకవైపు, ఒకే మోడలు ఏడాది పైచిలుకు కాలంలో అయిదుసార్లు రీకాల్‌కు గురైన ఉదంతాన్ని చూపి అసలు ఈ జోలికే పోవద్దనేవారు మరోవైపు నిలబడ్డారు. ఇద్దరు చెప్పేదీ నిజమే, కాని ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే యంత్రం గురించి కాదు.

ఒకే పేరు, వేర్వేరు యంత్రాలు

ప్రియస్ పద్ధతికి మూలాలు అమెరికాలో ఉన్నాయి. ఇంజను శక్తిని ప్లానెటరీ గేరు సాయంతో రెండు దారులుగా చీల్చే ఏర్పాటుకు టీఆర్‌డబ్ల్యూ సంస్థ ఇంజనీర్లు 1970ల తొలినాళ్ళకే పేటెంటు పొందారు. దాన్ని లక్షల సంఖ్యలో తయారు చేయదగిన కారుగా మలిచింది టయోటా. ప్లానెటరీ గేరులో మధ్యన ఒక పళ్ళచక్రం ఉంటుంది, దాన్ని సన్ గేరు అంటారు. దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు ప్లానెట్ గేర్లు, వాటిని మోసే చట్రం క్యారియర్, వీటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న వలయం రింగ్ గేరు. ప్రియస్ తొలి తరాల్లో సన్ గేరుకు 30 పళ్ళు, రింగ్ గేరుకు 78 పళ్ళు. ప్రధానంగా జనరేటరుగా పనిచేసే మొదటి మోటారును సన్ గేరుకు, ఇంజనును క్యారియర్‌కు, చక్రాలను నడిపే రెండో మోటారును రింగ్ గేరుకు బిగించారు. ఇంజను టార్క్‌లో, అంటే దాని తిప్పే బలంలో, దాదాపు 72 శాతం రింగ్ గేరు వైపూ 28 శాతం సన్ గేరు వైపూ పోతుందన్నది ఈ పళ్ళ లెక్క నుంచే వస్తుంది.

మన్నిక చర్చకు ఈ లెక్క చాలా అవసరం. బండి నిలిచి ఉండి ఇంజను నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతుంటే జనరేటరు 3,600 చుట్లు తిరగాలి. ఇంజను ఆగి బండి మాత్రం కదులుతుంటే అదే జనరేటరు, రింగ్ గేరు వేగానికి 2.6 రెట్ల వేగంతో వెనక్కి తిరుగుతుంది. తొలి తరం కార్లలో గంటకు దాదాపు 67 కిలోమీటర్లు దాటగానే, అవసరం ఉన్నా లేకపోయినా, ఇంజనును తిప్పడానికి కారణం జనరేటరు హద్దు మీరి తిరగకుండా కాపాడడమే. వేగాల నిష్పత్తి మార్చే పని మొత్తం మోటార్ల నియంత్రణతోనే జరిగిపోతుంది కనుక ఇందులో గేర్లు మార్చే క్లచ్చులు లేవు, ఇంజను బలాన్ని ద్రవం ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్ లేదు, రివర్స్ గేరు కూడా లేదు; వెనక్కి పోవాలంటే రెండో మోటారు ఎదురు తిరిగితే సరిపోతుంది. దీన్ని ఈ-సీవీటీ అని పిలవడం వల్ల ఒక అనవసరపు అపోహ పుట్టింది. మామూలు సీవీటీలో రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు రాపిడి పట్టుతో నడుస్తుంది. ఇక్కడ బెల్టూ లేదు, ఆ రాపిడీ లేదు. బెల్టు సీవీటీలకు వచ్చిన చెడ్డపేరు పేరు పోలిక వల్ల దీనికీ అంటుకుంది.

హోండా 1999లో ఇన్‌సైట్‌తో పట్టిన దారి వేరు. ఐఎంఏ అనే ఆ పద్ధతిలో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ పల్చటి మోటారును ఇరికించారు. గేర్‌బాక్సు మాత్రం మామూలు మాన్యువల్ లేదా బెల్టు సీవీటీయే. జనరల్ మోటార్స్, డైమ్లర్‌క్రైస్లర్, బీఎండబ్ల్యూ కలిసి రూపొందించిన టూ-మోడ్ పద్ధతి ప్లానెటరీ గేర్లనూ నాలుగు క్లచ్చులనూ కలిపింది. 2008 మోడలుగా షెవర్లే టాహోలో వచ్చి 2013 నాటికి మార్కెట్ నుంచి తప్పుకుంది. హ్యుందాయ్ 2011 సొనాటాలో ఆటోమేటిక్ గేర్‌బాక్సులోని టార్క్ కన్వర్టర్ తీసేసి, ఆ చోట మోటారునూ, ఇంజనును కలిపి విడదీసే ఒక క్లచ్చునూ పెట్టింది. ఇంజనీర్లు పీ2 అని పిలిచే ఈ అమరికనే యూరప్ కంపెనీలు చాలావరకు అనుసరించాయి. వీటన్నిటినీ హైబ్రిడ్ ట్రాన్స్‌మిషన్ అనే ఒక్క మాట కిందికి తెచ్చి మన్నిక లెక్క కట్టడం వల్లనే వాదం దారి తప్పింది.

పళ్ళు కావు, చుట్టూ ఉన్నవి

శక్తిని చీల్చే పద్ధతిని సమర్థించే పక్షం వాదన సూటిగా ఉంటుంది: అరిగే భాగమే లేకపోతే అరుగుదల ఎక్కడిది? 2017 జనవరి చివరికి టయోటా అమ్మిన హైబ్రిడ్లు కోటి దాటాయి. ఆ బళ్ళలో ప్లానెటరీ గేర్ల పళ్ళే అరిగి పోయిన సందర్భాలు అరుదు. అమెరికాకు చెందిన కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2011లో, రెండు లక్షల మైళ్ళకు పైగా తిరిగిన 2002 ప్రియస్‌ను పరీక్షించి, దాని పనితీరూ మైలేజీ దాదాపు కొత్త బండి స్థాయిలోనే ఉన్నాయని తేల్చింది. గేర్ల వరకు ఈ పక్షం గెలిచిందనే చెప్పాలి.

అయితే ఈ పెట్టెలో గేర్లు మాత్రమే లేవు. రెండు విద్యుత్ మోటార్లు అదే పెట్టెలో, అదే ఆయిల్‌లో కూర్చుని ఉంటాయి. మోటారు రాగి తీగ చుట్ట (వైండింగు) మీద ఉండే ఇన్సులేషన్ పూత వేడికి ఏళ్ళ తరబడి పెళుసెక్కుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది విద్యుత్ యంత్రాల రంగంలో చిరకాలంగా వాడుకలో ఉన్న మోటు లెక్క. అమెరికాలో 2001–03 మధ్య అమ్ముడైన తొలి ప్రియస్‌లలో ట్రాన్స్‌ఆక్సిల్, అంటే ట్రాన్స్‌మిషనూ డిఫరెన్షియలూ కలిసిన పెట్టె, పోయిన కేసుల్లో ప్రధానంగా కనిపించింది గేరు విరగడం కాదు, ఈ వైండింగు షార్ట్ కావడం.

ఈ లోపం బయటపడే తీరు కూడా పాత గేర్‌బాక్సు తీరు కాదు. శబ్దం రాదు, గేరు జారదు. అధిక వోల్టేజీ ఎక్కడో బాడీకి లీకవుతోందని కంప్యూటరు గుర్తించి పీ0ఏఏ6 అనే కోడ్ చూపిస్తుంది. ఆ కోడ్ ఒక్కదాన్ని చూసి ట్రాన్స్‌ఆక్సిల్ పోయిందని తీర్పు ఇవ్వడం తొందరపాటు. బ్యాటరీ, ఏసీ కంప్రెసర్, కేబుళ్ళు, మోటార్లు — వీటిలో ఏది లీకైనా అదే కోడ్ వస్తుంది. టయోటా బళ్ళలో దానికి తోడుగా వచ్చే ఉపసంఖ్య 611 అయితే ఏసీ వైపు, 612 అయితే బ్యాటరీ వైపు, 613 అయితే ట్రాన్స్‌ఆక్సిల్ వైపు చూడాలి. ఆ తర్వాత మెగ్గర్ పెట్టి తీగకూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ నిరోధం కొలిస్తే గాని నిజం తేలదు. మెగ్గర్ లేని షెడ్డులో వెలువడిన తీర్పుల మీద ఎన్ని పెట్టెలు అకారణంగా మారాయో ఎవరి లెక్కల్లోనూ ఉండదు.

బేరింగులది మరో కథ. ఫోర్డ్ తొలి ఎస్కేప్ హైబ్రిడ్‌లో ఐసిన్ తయారీ ట్రాన్స్‌ఆక్సిల్ వాడింది. టాక్సీలుగా పేరు తెచ్చుకున్నవి అవే. తర్వాత మిషిగన్‌లోని తన సొంత కర్మాగారంలో తయారు చేసి 2013 ఫ్యూజన్, సీ-మ్యాక్స్ బళ్ళలో పెట్టిన ట్రాన్స్‌ఆక్సిల్ సూత్రం కూడా శక్తిని చీల్చేదే. కాని వాటిలో కొన్నిటికి ట్రాన్స్‌ఫర్ షాఫ్టు బేరింగు అరిగి, వేగంతో పాటు పెరిగే కూత మొదలై, పట్టించుకోకపోతే పెట్టె మొత్తం మార్చే దాకా వెళ్ళింది. ఒకే సూత్రం మీద నడిచే రెండు పెట్టెలకు రెండు రకాల పేరు రావడం, మన్నికను నిర్ణయించేది సూత్రం ఒక్కటే కాదనడానికి గట్టి సాక్ష్యం. బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్లు మార్చే ఇన్వర్టరు పుట్టించే వేగవంతమైన వోల్టేజీ మార్పుల వల్ల మోటారు షాఫ్టు గుండా చిన్నపాటి కరెంటు బేరింగులోకి దూకి, దాని ఉపరితలంపై సన్నటి గుంటలు పెట్టడం పరిశ్రమల మోటార్లలో ఎప్పటి నుంచో తెలిసిన జబ్బే. కార్ల బేరింగుల అరుగుదలలో దాని వాటా ఎంతన్నది మాత్రం వివాదంగానే ఉంది.

తప్పుగా ట్రాన్స్‌మిషన్ ఖాతాలో పడే జబ్బులు కూడా ఉన్నాయి. మూడో తరం ప్రియస్‌లో ఉదయం స్టార్ట్ చేయగానే బండంతా గడగడలాడితే చాలామంది గేర్‌బాక్సు పోయిందనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది హెడ్ గ్యాస్కెట్ లీకై కూలెంట్ సిలిండరులోకి చేరడం, ఇంజను మిస్‌ఫైర్ కావడం, ఆ కుదుపును ఇంజనుకూ ట్రాన్స్‌ఆక్సిల్‌కూ మధ్య ఉన్న స్ప్రింగు డ్యాంపరు మోయలేకపోవడం. అదే తరంలో ఇన్వర్టరు ట్రాన్సిస్టర్లు వేడెక్కి చెడిపోయే ప్రమాదం ఉందని 2014 ఫిబ్రవరిలో టయోటా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 19 లక్షల కార్లను సాఫ్ట్‌వేర్ మార్పు కోసం వెనక్కి పిలిచింది. అంతకుముందు 2012లో ఇన్వర్టరును చల్లబరిచే నీటి పంపు కోసం మరో రీకాల్ జరిగింది. ఇవేవీ గేర్ల లోపాలు కావు, కాని రోడ్డు మధ్యలో బండి నిలిచిపోయిన వ్యక్తికి ఆ తేడా ఊరట ఇవ్వదు. అందుకే ట్రాన్స్‌మిషన్‌ను విడిగా చూడవద్దని, ఇన్వర్టరు, కూలెంట్ పంపు, సాఫ్ట్‌వేర్ కలిపి ఒకే వ్యవస్థగా లెక్కించాలని వాదించే మూడో పక్షం ఒకటి బలపడింది. వీరి వాదనకు క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ మంచి ఉదాహరణ. ట్రాన్స్‌మిషన్ వైరింగ్ కనెక్టరులో షార్ట్ ఏర్పడి నడుస్తుండగానే ఇంజను ఆగిపోయే అవకాశం ఉందని 2022 చివర్లో ఆ బళ్ళను వెనక్కి పిలిచారు. గేరు బాగుంది, క్లచ్ బాగుంది, కనెక్టరు బాగాలేదు.

క్లచ్ ఉన్న పక్షం

పీ2 పద్ధతిని సమర్థించేవారు చెప్పేది మరోలా ఉంటుంది. దశాబ్దాలుగా తెలిసిన ఆటోమేటిక్ గేర్‌బాక్సునే వాడుతున్నాం కనుక దాని గుణదోషాలు తెలుసు, బాగుచేసే మనుషులున్నారు, విడిభాగాలు దొరుకుతాయి, హైవే మీద శక్తి నష్టం తక్కువ అన్నది వారి మాట. మాటలో పస ఉంది. కాని హైబ్రిడ్‌లో క్లచ్ మీద పడే పని మామూలు బండిలో కంటే వేరు. ఇంజను ప్రయాణంలో పదేపదే ఆగి మళ్ళీ అందుకుంటుంది. అందుకున్న ప్రతిసారీ రెండు వేగాలను కుదుపు తెలియకుండా కలపాలి. దీనిలో పొరపాటు జరిగే చోటు లోహం కంటే ముందు ప్రోగ్రాములో ఉంటుంది.

హోండా 2013 సెప్టెంబరులో జపాన్‌లో విడుదల చేసిన ఫిట్ హైబ్రిడ్ అనుభవం ఇందుకు సాక్ష్యం. మనకు జాజ్‌గా తెలిసిన కారు అదే. దానిలో ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ పెట్టి, బేసి సంఖ్య గేర్లున్న షాఫ్టుకు మోటారును బిగించారు. కాగితం మీద అందమైన ఏర్పాటు. మోటారుతో నడుస్తూ ఇంజనును అందుకోవడం, ఒక షాఫ్టు మీద గేరు సిద్ధం చేస్తూ మరో షాఫ్టు మీద నడవడం — ఈ సమన్వయంలో నియంత్రణ ప్రోగ్రాము తడబడింది. గేరు ఆలస్యంగా పడటం, ఒక్కోసారి బండి కదలకపోవడం బయటపడి, అక్టోబరులో మొదలైన రీకాళ్ళు 2014 ఫిబ్రవరిలో దాదాపు 81 వేల బళ్ళకు చేరాయి. 2014 అక్టోబరులో అయిదో రీకాల్ వచ్చినప్పుడు కంపెనీ ఉన్నతాధికారులు జీతాల్లో కోత వేసుకున్నారు. న్యాయంగా చెప్పాలంటే అయిదూ ట్రాన్స్‌మిషన్‌వి కావు. చివరిది విద్యుత్ భాగాలకు సంబంధించింది. అయినా 2020లో వచ్చిన కొత్త ఫిట్‌లో హోండా ఈ డ్యూయల్ క్లచ్ హైబ్రిడ్‌ను వదిలేసి రెండు మోటార్ల పద్ధతికి మారింది. కంపెనీ తన సొంత తీర్పు తానే ఇచ్చిందనుకోవచ్చు.

హ్యుందాయ్, కియా హైబ్రిడ్లలో కొన్నిటికి ఇంజను క్లచ్చును నడిపే హైడ్రాలిక్ యంత్రాంగంలో సీలు లీకై, ఆయిలు ఎలక్ట్రానిక్ భాగానికి చేరి షార్ట్ అయ్యే లోపం కనిపించి రీకాల్ జరిగింది. ఇవి ఉన్నంత మాత్రాన పీ2 పద్ధతే చెడ్డదని తేల్చడం తగదు. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో జతచేసిన పీ2లకూ పొడి క్లచ్చుల డ్యూయల్ క్లచ్‌తో జతచేసిన పీ2లకూ మధ్య తేడాను ఈ వాదంలో పాల్గొనేవారు తరచు మరిచిపోతారు. ఆయిల్‌లో మునిగి ఉండే తడి క్లచ్ వేడిని వదిలించుకుంటుంది, పొడి క్లచ్‌కు ఆ వెసులుబాటు లేదు. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకే నగరాల్లో ఈ ఒక్క తేడా చాలా దూరం వెళ్తుంది.

గేర్లే వద్దనే దారి

నిస్సాన్ 2016లో నోట్ కారులో తెచ్చిన ఈ-పవర్ పద్ధతిలో ఇంజను కరెంటు తయారీకే పరిమితం. చక్రాలతో దానికి ఎటువంటి లంకె లేదు. హోండా రెండు మోటార్ల పద్ధతి, మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ ప్లగ్-ఇన్ (బయటి కరెంటుతోనూ చార్జ్ చేసుకునే హైబ్రిడ్) దాదాపు ఇదే దారిలో నడుస్తూ, హైవే వేగంలో మాత్రం ఒక క్లచ్ ద్వారా ఇంజనును నేరుగా కలుపుతాయి. 2022 మే నుంచి మన దేశంలో అమ్ముడవుతున్న హోండా సిటీ హైబ్రిడ్ ఈ కోవదే. రెనో 2020లో క్లియో హైబ్రిడ్‌లో రాపిడి క్లచ్ లేకుండా పళ్ళతో కొక్కెంలా పట్టే డాగ్ క్లచ్చులతో మరో ప్రయోగం చేసింది. సిద్ధాంతం ప్రకారం వీటిలో చెడేవి తక్కువ. ఆచరణ ఏం చెబుతుందో తెలియడానికి ఇవి ఇంకా పదిహేనేళ్ళ వయసుకు రాలేదు.

ఆయిల్ మార్చాలా, అక్కర్లేదా

ఈ చర్చలో అన్నిటికంటే ఘాటైన పేచీ ఇదే. టయోటా తన హైబ్రిడ్ ట్రాన్స్‌ఆక్సిల్ ఆయిల్‌కు సాధారణ వాడకంలో మార్చే గడువేమీ పెట్టలేదు, తనిఖీ చేస్తే చాలంది. క్లచ్ పొడి రాలే అవకాశమే లేదు కనుక ఆయిల్ మురికి కాదన్నది దీని వెనుక తర్కం. స్వతంత్ర మెకానిక్‌లలో చాలామంది మాత్రం సుమారు లక్ష కిలోమీటర్లకోసారి మార్చాలంటారు. క్లచ్ పొడి లేకపోయినా గేరు పళ్ళ నుంచి ఇనుప రజను రాలుతుంది, వేడికి ఆయిల్ ఆక్సీకరణ చెందుతుంది. పైగా ఈ ఆయిల్ చేసే పని గేర్లను తడపడం ఒక్కటే కాదు. మోటారు వైండింగుల నుంచి వేడిని లాక్కుపోయేది అదే, అధిక వోల్టేజీ తీగలను తాకుతూ ఉండేదీ అదే. అది విద్యుత్తును ప్రసరించనీయకుండా ఉండాలి, రాగిని తినకుండా ఉండాలి. ఇంత బరువు మోసే ద్రవాన్ని బండి ఉన్నంతకాలం మార్చనక్కర్లేదనడం ఈ వాదంలోకెల్లా బలహీనమైన మాట. జీవితకాలం అంటే ఎవరి జీవితకాలమన్న ప్రశ్నకు కంపెనీలు సూటిగా బదులివ్వవు. వారంటీ జీవితకాలమని అర్థం చేసుకుంటే తప్పేమీ లేదు.

మార్చడం పెద్ద పని కూడా కాదు. ప్రియస్ తరహా పెట్టెకు దించే బోల్టు ఒకటి, నింపే బోల్టు ఒకటి. పట్టేది నాలుగు లీటర్ల లోపు. ప్రమాదం ఉన్నది మార్చడంలో కాదు, కంపెనీ చెప్పిన రకం కాకుండా చేతికందిన గేర్ ఆయిల్ పోయడంలో. ఇన్సులేషన్‌తో పొసగని ఆయిల్ పోసే కంటే పాత ఆయిల్‌ను అలాగే వదిలేయడం మేలు.

లెక్కలు తగాదా ఎందుకు తీర్చవు

కన్స్యూమర్ రిపోర్ట్స్ 2023 చివర్లో ప్రకటించిన సర్వేలో హైబ్రిడ్లకు పెట్రోలు కార్ల కంటే 26 శాతం తక్కువ సమస్యలు, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకు 146 శాతం ఎక్కువ సమస్యలు ఉన్నట్లు తేలింది. ఇరుపక్షాలూ తమకు కావలసిన సగాన్ని పట్టుకుని ఊరేగాయి. ఆ అంకెలు బండి మొత్తానివి, ట్రాన్స్‌మిషన్ ఒక్కదానివి కావు. అదీగాక, హైబ్రిడ్ల అమ్మకాల్లో చాలాకాలం సింహభాగం టయోటాదే కావడం వల్ల అక్కడ కొలిచింది పద్ధతి నాణ్యతనా, కంపెనీ నాణ్యతనా అన్నది విడదీయడం కష్టం.

టాక్సీల సాక్ష్యానికీ ఇటువంటి పరిమితే ఉంది. టాక్సీ మూడు లక్షల మైళ్ళను నాలుగైదేళ్ళలో తిరిగేస్తుంది. పళ్ళూ బేరింగులూ కిలోమీటర్లను లెక్కపెట్టుకుంటాయి గనుక వాటి సత్తాకు అది మంచి పరీక్షే. ఇన్సులేషన్, సీళ్ళు, కనెక్టర్ల తుప్పు మాత్రం ఏళ్ళను లెక్కపెట్టుకుంటాయి. 2019 నుంచి వచ్చిన కొన్ని టయోటా రావ్4 హైబ్రిడ్లలో వెనక మోటారుకు వెళ్ళే అధిక వోల్టేజీ కేబుల్ కనెక్టరు, మంచు కరిగించడానికి రోడ్లపై ఉప్పు చల్లే ప్రాంతాల్లో తుప్పు పట్టి తెగిన ఉదంతం ఈ రెండో రకానికి చెందుతుంది. ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు నడిచి పదిహేనేళ్ళు షెడ్డులో ఉండే సొంత కారుకు టాక్సీ అనుభవం పూర్తి పూచీ కాదు.

వారంటీ పత్రాలు మరో రకంగా మాట్లాడతాయి. అమెరికాలో టయోటా హైబ్రిడ్ ఇన్వర్టరుకు 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళ పూచీ ఇస్తుంది. ట్రాన్స్‌ఆక్సిల్‌ను మాత్రం మామూలు పవర్‌ట్రెయిన్ కిందే ఉంచి 5 ఏళ్ళు లేదా 60 వేల మైళ్ళతో ఆపేస్తుంది. ప్రకటనల్లో హైబ్రిడ్ వారంటీ అని పెద్ద అక్షరాల్లో కనిపించేది ఒకటి, పెట్టెకు వర్తించేది మరొకటి.

మన రోడ్ల మీద

తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చకు బలం వచ్చింది 2022లో మారుతీ గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, ఆ ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్ వచ్చాకే. మూడింటి స్ట్రాంగ్ హైబ్రిడ్ (మోటారు ఒక్కదానితోనూ నడవగల) రకాల్లోనూ ఉన్నది శక్తిని చీల్చే పద్ధతే. అంతకుముందు సియాజ్ వంటి బళ్ళలో హైబ్రిడ్ అని చెప్పి అమ్మిన ఎస్‌హెచ్‌వీఎస్ పద్ధతిలో బెల్టుతో నడిచే చిన్న స్టార్టర్-జనరేటర్ మాత్రమే ఉంటుంది, గేర్‌బాక్సు మామూలుదే. ఆ అనుభవాన్ని ఈ కార్లకు అన్వయించడం పొరపాటు. రామగుండం వేసవిలోనూ హైదరాబాద్ ట్రాఫిక్‌లోనూ పదిహేనేళ్ళు నడిచిన స్ట్రాంగ్ హైబ్రిడ్ల జనాభా మన దగ్గర ఇంకా తయారు కాలేదు కనుక ఇన్సులేషన్ వయసు గురించి జపాన్, అమెరికా లెక్కలనే ఇక్కడ యథాతథంగా వాడుకోవడం సరికాదు.

ఇప్పటికి దొరికిన సాక్ష్యంతో ఇవ్వగల తీర్పు ఇది: శక్తిని చీల్చే పద్ధతిలోని గేర్లను నమ్మవచ్చు, దాని మోటార్లనూ బేరింగులనూ ఆయిల్ సంరక్షణ షరతు మీద నమ్మవచ్చు, పొడి డ్యూయల్ క్లచ్ హైబ్రిడ్‌ను పాత బండిగా కొనేటప్పుడు రీకాల్ పనులన్నీ పూర్తయినట్లు రాతపూర్వక రుజువు చూడకుండా నమ్మరాదు. హైబ్రిడ్ కొనబోయేవారు షోరూములో బ్యాటరీ వారంటీ ఎన్నేళ్ళని అడిగి ఊరుకోకుండా, వారంటీ పుస్తకం తెరిపించి ట్రాన్స్‌ఆక్సిల్ ఏ పద్దు కింద, ఎన్ని కిలోమీటర్ల వరకు ఉందో చూపించమని అడగాలి. బండి ఎక్కడైనా ఆగిపోతే ముందు చక్రాలను నేల మీద ఉంచి లాగించవద్దు. చక్రాలతో పాటు లోపలి మోటార్లు తిరిగి కరెంటు పుట్టిస్తాయి, బాగున్న పెట్టె ఆ కాస్త దూరంలోనే చెడిపోవచ్చు.